నవ్వినందుకు విచారణ

నోట్లో మేకులున్నంతసేపూ మేస్త్రి బంగారంలాంటి మనిషి. ఆ మాట అన్నది ఊళ్లోవాళ్లు కాదు, కట్టుకున్న పెళ్లామే. సోఫాలకూ కుర్చీలకూ గుడ్డ బిగించడం అతని పని. చిన్న మేకులు గుప్పెడు నోట్లో పోసుకుని, నాలుకతో ఒక్కొక్కటే పెదాల మధ్యకి తోసి, అయస్కాంతం సుత్తితో అందుకుని టక్కున కొడతాడు. అప్పుడు మాట్లాడ్డం కుదరదు కనక ఇంట్లో ప్రశాంతంగా ఉంటుంది. మేకులు అయిపోయాయంటే మొదలు. వానని తిడతాడు, స్పాంజి అమ్మేవాణ్ణి తిడతాడు, డాక్టర్లను తిడతాడు. అందర్నీ తిట్టడం అయ్యాక, తీరిగ్గా, భోజనం తర్వాత పండు తిన్నట్టు, బళ్లను తిడతాడు.

బడి మీద అతనికి పాత కక్ష. ఏడో తరగతిలో ఎవడో కిటికీ అద్దం పగలగొడితే ఇతన్ని బయట నిలబెట్టారు. "నేను కాదండీ" అన్న రెండు ముక్కలు వినడానికి ఆ బళ్లో ఒక్క చెవి దొరకలేదు. బయట నిలబడ్డవాడు కాసేపు నిలబడి, అటునుంచి అటే నడుచుకుంటూ వెళ్లి సోఫాల కొట్లో పనికి చేరాడు. ఆనాటి నుంచీ చదువుకున్నవాళ్ల కింద స్పాంజి సర్దుతూ, వాళ్లను నోరారా తిట్టుకుంటూ బతుకుతున్నాడు.

అలాంటివాడి ఇంటికి, కూతురు పదో తరగతి పరీక్షలు ముంచుకొస్తుండగా, బడి నుంచి నోటీసు వచ్చింది.

ఉదయం సభలో ప్రిన్సిపాల్ గారు నియమావళి చదువుతుండగా మీ అమ్మాయి నవ్వింది. ఆమెను చూసి బడంతా నవ్వింది. ఇది పద్నాలుగవ నియమానికి విరుద్ధం. విచారణలో నేరం రుజువైతే ఈ ఏడు పరీక్షలకు కూర్చోనివ్వం. అదీ సారాంశం.

మేస్త్రి నోట్లో మేకులన్నీ అరచేతిలోకి ఊశాడు. ఇంట్లో అది ప్రమాద సూచిక.

"ఏం చేశావే?"

"నవ్వాను నాన్నా," అంది పిల్ల. చువ్వలాంటి పిల్ల, తల్లి పోలిక. నవ్వు మాత్రం ఎవరి పోలికో ఇంకా తేలలేదు.

"నవ్వితే నోటీసా? ఎందుకు నవ్వావు?"

"మేడం కొత్త నియమావళి చదువుతున్నారు నాన్నా. అందులో ఏముందంటే... పొద్దున్నే వచ్చిన ప్రతి విద్యార్థికీ..."

అంతే. బుగ్గలు ఉబ్బాయి. భుజాలు ఎగిరాయి. "విద్యార్థికీ..." అని మళ్లీ ఎత్తుకుంది. ముక్కులోంచి కుయ్యిమని ఒక చప్పుడు వచ్చింది. వెనక్కి తూలి, ఇంకా గుడ్డ బిగించని సోఫా మీద పడింది. స్ప్రింగులు కూడా ఆమెతో కలిసి కిచకిచలాడాయి.

"రాసి చూపించవే," అంది తల్లి, వంటింటి గుమ్మంలోంచి.

రాయబోయింది. పెన్ను కాగితం మీద భూకంపం గీసింది తప్ప అక్షరం పడలేదు. సరే, పక్కబల్ల పిల్లకి ఫోను చేయించాడు మేస్త్రి. "అమ్మా, ఆ రోజు సభలో మేడం ఏం చదివారు?" అని అడిగాడు మర్యాదగా. అవతలి నుంచి అదే కుయ్యి. ఫోను కింద పడ్డ చప్పుడు. ఎవరో పెద్దావిడ "ఏమైందే నీకు మళ్లీ!" అని అరవడం.

"ఇదేదో అంటురోగంలా ఉందయ్యా," అంది పెళ్లాం.

సాయంత్రానికి బామ్మర్ది వచ్చాడు. కోర్టు వీధిలో అతనికి టైపింగు, జిరాక్సు కొట్టు ఉంది. కోర్టు గోడకి ఆనుకుని ఉండబట్టి గోడలోంచి న్యాయశాస్త్రం తనలోకి ఊరిందని అతని నమ్మకం. నోటీసు చూసి గాలి పీల్చాడు.

"కొత్త చట్టం బావా! ముందు కోర్టు తీర్పొచ్చింది, దాని వెనకాలే చట్టం వచ్చింది. బడైనా కాలేజీ అయినా సరే, రాసిపెట్టిన నియమం లేకుండా ఎవర్నీ శిక్షించడానికి లేదు. ఆ నియమాలు పిల్లలకి చదివి వినిపించాలి. శిక్ష వేసే ముందు బయటి మనిషి ఒకాయన పెద్దగా కూర్చుని, పిల్ల చెప్పేది వినాలి. పిల్లకి తోడుగా ఇంట్లోవాళ్లు ఇద్దరు ఉండొచ్చు."

"పిల్ల చెప్పేది వినాలా?" అన్నాడు మేస్త్రి. "అలాగని చట్టంలోనే ఉందా?"

"అచ్చులో ఉంది."

మేస్త్రికి సంతోషం రావాల్సింది. కడుపు మండింది. తను నిలబడ్డ ఆ వసారా, ఆ ఎండ గుర్తొచ్చాయి. ఈ చట్టమేదో అప్పుడే ఏడ్చి ఉంటే ఏం పోయింది? తను పిల్లాడుగా ఉన్నప్పుడు పడుకుని, తనకు నెత్తిన జుట్టు పల్చబడ్డాక నిద్ర లేచింది.

"నీకేం దిగులొద్దు, నేను వాదిస్తాగా," అన్నాడు బామ్మర్ది. "ఈ చట్టం వచ్చింతర్వాత నా కొట్టు ముందు జాతర బావా! బళ్లు, కాలేజీలు, డ్రైవింగ్ స్కూళ్లు, డాన్సు నేర్పేవాళ్లు, అందరికీ గడువులోగా నియమావళి కావాలి. ఎవడు కూర్చుని రాస్తాడు? నా దగ్గర పాతవి బోలెడున్నాయి. ఒక్క మీట నొక్కితే ఈ మాట తీసి ఆ మాట పెడుతుంది కంప్యూటరు. డ్రైవింగ్ స్కూలుది డాన్సు స్కూలుకి అతికినట్టు సరిపోయింది, తెలుసా? ఒక్క అచ్చుతప్పు ఉండదు. పచ్చ అట్ట, చుట్టూ పూలబార్డరు. ఎవరెవరు పట్టుకెళ్లారో నాకే గుర్తు లేదు."

"నువ్వు వాదించు," అంది అక్క. "మీ బావ మాత్రం నోరు తెరవకూడదు. బడి మీద ఆయనకున్నదంతా అక్కడ కక్కాడంటే పిల్ల ఈ ఏడు కాదు, వచ్చే జన్మలో కూడా పరీక్ష రాయదు."

"నా కూతురి కోసం నేను మాట్లాడకూడదా?"

"కూడదు. లోపలికెళ్లేముందు మేకులు నోట్లో పోసుకుని వెళ్లు."

అలా తేలింది వ్యవహారం.

విచారణ రోజున పెళ్లాం గేటు దగ్గర ఆగిపోయింది. లోపలికి ఇద్దరికే అనుమతి. ఆగుతూ, మొగుడి అరచేతిలో మేకులు పోసి, అవి నోట్లోకి వెళ్లేదాకా కన్నార్పకుండా నిలబడింది.

గదిలో పొడవాటి బల్ల. గోడకి కప్పులూ షీల్డులూ, వాటి మీద దుమ్ము. బల్ల చివర పెద్దకుర్చీలో విచారణ పెద్ద కూర్చుని ఉన్నాడు. నీళ్ల శాఖలో ఇంజినీరుగా చేసి రిటైరైనవాడు, గంభీరమైన మనిషి, మొహం కుళాయి కట్టేసినట్టు ఉంది. కుర్చీ మాత్రం గంభీరమైంది కాదు. స్ప్రింగులు పోయాయి. ఆయన ఊపిరి పీల్చినా "కీచ్" మంటోంది. కుడిపక్క స్ప్రింగు వంగింది, కింద పట్టీ తెగింది అని మేస్త్రి చెవి దానంతటదే లెక్క కట్టేసింది. పక్కన ప్రిన్సిపాల్ మేడం, సన్నగా, నిటారుగా, పెదాలు బిగించి. ఈ ఏడే ఈ బడికి వచ్చిందట. ఎదురుగా ఫిర్యాదు చేసిన డ్రిల్లు మాస్టారు, మెడలో విజిలు.

డ్రిల్లు మాస్టారు లేచాడు. ఆయనకి మామూలుగా మాట్లాడ్డం రాదు, మైదానం అవతలికి వినబడేలాగే వస్తుంది.

"సార్! ఈ అమ్మాయి నవ్వింది సార్! తర్వాత వరస నవ్వింది. తర్వాత అన్ని వరసలూ నవ్వాయి. ఒకటో తరగతి పిల్లలు ఎందుకో తెలీకుండానే నేల మీద పడి దొర్లారు సార్. నా విజిలు పనిచెయ్యలా!"

"ఎందుకు పనిచెయ్యలేదు?" అన్నాడు పెద్ద.

డ్రిల్లు మాస్టారు తల దించుకున్నాడు. "ఊదడానికి ఊపిరి అందలేదు సార్."

బామ్మర్ది లేచి చొక్కా సర్దుకున్నాడు. బల్ల మీద చేత్తో ఒక్కటిచ్చాడు.

"అయ్యా! చట్టం స్పష్టంగా ఉంది. ఏ నియమం తప్పారని అంటున్నారో ఆ నియమాన్ని విచారణలో బిగ్గరగా చదవాలి. అదొక్కటే కాదు, ముందు మూడూ, వెనకదీ కూడా కలిపి! ముక్క వదలకూడదు! చదవకపోతే విచారణే చెల్లదు!"

మేస్త్రికి మొదటిసారి బామ్మర్ది మీద గౌరవం కలిగింది.

"న్యాయమే," అన్నాడు పెద్ద. "పుస్తకం ఇలా ఇవ్వండి."

మేడం సంచిలోంచి పుస్తకం తీసి బల్ల మీద పెట్టింది. పచ్చ అట్ట. చుట్టూ పూలబార్డరు.

బామ్మర్ది మొహంలో రక్తం మాయమైంది. ఎక్కడికి వెళ్లిందో తెలీదు గాని కాళ్లలోకి మాత్రం వెళ్లలేదు, ఎందుకంటే కూలబడ్డాడు. "అయ్యా... మరీ అంత పట్టింపు లేదు లెండి. పెద్దవాళ్లు మీరు. చదవకపోయినా..."

"మీరేగా చదవాలన్నారు," అన్నాడు పెద్ద. కళ్లజోడు పెట్టుకుని, నీటి మట్టం కొలిచేవాడిలా మొదలుపెట్టాడు.

"పదకొండవ నియమము. ఉదయమున విద్యార్థులను లోనికి తోలునపుడు ద్వారము వద్ద తొక్కిసలాట లేకుండ ఒక్కొక్కరినే విడువవలెను."

డ్రిల్లు మాస్టారు బాగుందన్నట్టు తలాడించాడు.

"పన్నెండవ నియమము. లోనికి వచ్చిన ప్రతి విద్యార్థి యొక్క చెవులు, గిట్టలు, తోక పరీక్షించవలెను."

కీచ్, అంది కుర్చీ.

మేస్త్రికి మాత్రం నెత్తికెక్కింది. నా కూతురికి తోకేంట్రా అని అరిచాడు. నోటినిండా మేకులుండబట్టి అది "మ్మ్ మ్మ్మ్ మ్మ్" అని బయటికొచ్చింది.

"ఆయనేమన్నా అంటున్నారా?" అన్నాడు పెద్ద.

"ఏం లేదండీ, మీరు చదివింది ఒప్పుకుంటున్నాడు," అన్నాడు బామ్మర్ది, చెమట తుడుచుకుంటూ. మేస్త్రి వైపు వంగి చెవిలో, "బావా, కాళ్లు పట్టుకుంటా, కోప్పడకు. అది పశువుల ఆసుపత్రి నియమావళి. పశువు తీసి విద్యార్థి పెట్టాను. అచ్చుతప్పులు చూశా గాని చదవలేదు," అన్నాడు.

మేస్త్రి మెల్లిగా తల తిప్పి కూతురి వైపు చూశాడు. పిల్ల కింది పెదవి పళ్లతో నొక్కిపట్టి, కళ్లు గట్టిగా మూసుకుని కూర్చుంది. ఎర్రగా కందిపోయింది.

"పదమూడవ నియమము," అన్నాడు పెద్ద. గొంతు కాస్త సన్నబడింది. "మేత వేసిన పిదప విద్యార్థులను కదలింపరాదు. నెమరువేయుట మానిన విద్యార్థిని గుర్తించి ప్రధానాధికారికి తెలుపవలెను." కీచ్. కీచ్. "కొమ్ములు వాడిగానున్న విద్యార్థి కొమ్ములకు... కొసల యందు మెత్తని గుడ్డ చుట్టవలెను."

ఇక్కడే మేస్త్రి దెబ్బతిన్నాడు. కోపంగానే ఉందామనుకున్నాడు పాపం. కానీ పనివాడి బుర్ర, ఊరుకోదు. ఉత్త గుడ్డ చుడితే నిలవదు, లోపల అంగుళం స్పాంజి వెయ్యాలి, మొదట్లో పట్టీ బిగించాలి అనుకుంది. అనుకోగానే, బడంతా వరసల్లో నిలబడి కొమ్ములకి సోఫాగుడ్డ చుట్టించుకుంటున్న పిల్లలు కనబడ్డారు. కడుపులో ఏదో కదిలింది. అదేమిటో చాలాకాలంగా పరిచయం లేక మొదట అజీర్తి అనుకున్నాడు.

కీచ్ కీచ్ కీచ్ అంటోంది కుర్చీ. పెద్దాయన మొహం ఇంకా కట్టేసిన కుళాయిలాగే ఉంది. కానీ ఆ స్ప్రింగుల భాష మేస్త్రికి తెలుసు: పైన కూర్చున్న మనిషి ఆపాదమస్తకం వణికిపోతున్నాడు.

"ఇదిగో నేరం మోపిన పద్నాలుగవది. అకారణముగా అరచి మందను బెదరగొట్టు విద్యార్థిని... వేరుగా కట్టివేయవలెను."

"అద్దీ!" అని లేచాడు డ్రిల్లు మాస్టారు. ముందు చదివినవేవీ ఆయన విన్నట్టు లేదు, తన నియమం కోసం కాచుకు కూర్చున్నాడు. "అదే సార్ నేను చెప్పేది! అరిచింది, బెదరగొట్టింది! ఇలాంటివాళ్లకి గడ్డి పెట్టకపోతే ఎలాగండీ?"

అంతే, గట్టు తెగింది.

ముందు పిల్ల ముక్కులోంచి కుయ్యిమంది. పెద్దాయన బల్ల మీద తల వాల్చి, పుస్తకంతో నెత్తి కప్పుకున్నాడు. కుర్చీ గుర్రంలా సకిలించింది. మేస్త్రి ఆపుకున్నాడు, ఆపుకున్నాడు, ఇంక ఆగక నోరు తెరిచాడు. మేకులు! బల్ల మీద వడగళ్లలా టపటపా రాలాయి. షీల్డుకి ఒకటి తగిలి ఖంగుమంది. ఒకటి పెద్దాయన ముందున్న టీకప్పులో పడింది. వెనకాలే మేస్త్రి నవ్వు వచ్చింది. ఎన్నేళ్లుగానో తెరవని షట్టరు పైకెత్తినట్టు, కరకరా, తుప్పు రాలుస్తూ వచ్చింది. చివర్లో ముక్కులోంచి కుయ్యిమంది. పిల్ల ఉలిక్కిపడి తండ్రిని చూసింది. ఎవరి పోలికో తేలిపోయింది.

బామ్మర్ది ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలీలేదు, రెండూ ఒకే కండువాలోకి పోయాయి. డ్రిల్లు మాస్టారు అందరినీ చూసి, అలవాటు కొద్దీ విజిలు నోట్లో పెట్టుకున్నాడు. ఊపిరి అందలేదు.

నవ్వనిది ఒక్క మేడమే. ఆమె మొహం పాలిపోయి ఉంది.

"నేను చదువుతుంటే," అంది మెల్లిగా, "అందులో ఏముందో నా బుర్రకి ఎక్కదు. ఇన్నేళ్లూ సర్క్యులర్లు చదివీ చదివీ అలా అయిపోయింది. మైకులో నా గొంతు పీలగా వస్తుంది. అది విని నవ్వారనుకున్నాను. కొత్తచోటు. ఆ రాత్రి నిద్రపట్టలేదు."

గది సద్దుమణిగింది. పిల్ల లేచి నిలబడింది. "లేదు మేడం, ఒట్టు. మీ గొంతు బాగానే ఉంటుంది. తోక దగ్గరే నవ్వాను."

మేడం చెయ్యి చాపి పుస్తకం తీసుకుంది. పన్నెండో నియమం తనే మళ్లీ చదివింది, ఈసారి ఒక్కొక్క మాటా వింటూ. "చెవులు..." అంది. "గిట్టలు..." అంది. అక్కడ ఆగింది. ఆమె నవ్వు నిజంగానే పీలగా, కెటిలు ఈల వేసినట్టు ఉంది, ఎంతసేపటికీ ఆగలేదు.

కాస్త తెరిపిచ్చాక పెద్దాయన కళ్లజోడు తుడుచుకుని మేస్త్రి వైపు తిరిగాడు. "తీర్పు చెప్పేముందు అడగాలి. తండ్రిగా మీరేమన్నా చెప్పుకుంటారా? వింటాను."

గదిలో అందరూ అతని వైపే చూశారు. బామ్మర్ది గుండె పట్టుకున్నాడు. నోట్లో ఒక్క మేకూ లేదు. బళ్లను కడిగి ఆరెయ్యడానికి మేస్త్రి దగ్గర ఒక జీవితానికి సరిపడా సరుకుంది. వినడానికి ఒక బడి ఎదురుగా, చెవులొగ్గి కూర్చుంది.

"నేను కాదండీ," అన్నాడు.

"ఏమిటి మీరు కాదు?"

మేస్త్రి తనే కంగారుపడ్డాడు. ఆ మాట ఎక్కణ్ణుంచి దూకిందో అతనికే తెలీదు. "ఏం లేదండీ, అదేదో పాతది. వచ్చేసింది." గొంతు సవరించుకున్నాడు. "మా పిల్ల ఆపుకోలేకపోయిందండీ. అంతే. పరీక్షలు రాయనివ్వండి."

ఇన్నేళ్లూ దాచిన సరుకులో బయటపడింది అంతే. మిగిలింది వెతికితే దొరకలేదు.

పెద్దాయన తలూపాడు. "పద్నాలుగో నియమంలో అకారణముగా అని ఉంది. కారణం ఉందా లేదా? ఈ గదిలో నవ్వనివాళ్లుంటే చెయ్యెత్తండి." ఎవరూ ఎత్తలేదు. డ్రిల్లు మాస్టారి చెయ్యి సగం లేచి, ఏదో గుర్తొచ్చినట్టు మళ్లీ విజిలు మీదికి దిగిపోయింది. "పైగా వెనక నియమం కూడా చదవాలని వీరి తరపు మనిషే పట్టుబట్టారు. పదిహేనవది. జబ్బులేని విద్యార్థిని ఊరక కట్టి ఉంచరాదు. ఆనాటి సాయంత్రములోగా మందలో కలుపవలెను." కీచ్. "అమ్మాయ్, నీకేమన్నా జబ్బుందా?"

"లేదండీ."

"అయితే పో, మందలో కలువు. పరీక్షలు రాసుకో."

పిల్ల పరిగెత్తుకొచ్చి తండ్రిని గట్టిగా పట్టుకుంది. చొక్కా జేబులో పడ్డ మేకు ఒకటి ఇద్దరికీ గుచ్చుకుంది. ఎవరూ పట్టించుకోలేదు.

పెద్దాయన ఆఖరి పేజీ తిప్పి, చట్టం ప్రకారం ముక్క వదలకూడదని, అట్ట మీది చిన్నక్షరాలు కూడా చదివాడు. "ఇచట అన్ని రకముల నియమావళులు నమ్మకముగా తయారుచేయబడును. కోర్టు వీధి." తలెత్తి అడిగాడు. "ఈ కొట్టెవరిది?"

"నాదేనండీ," అన్నాడు బామ్మర్ది, బల్ల కింద నుంచి. మేకులు ఏరుతున్నాడు. "ఇది పశువుల ఆసుపత్రిదండీ. రేపటికల్లా కొత్తది ఇస్తానండీ మేడం. నేనే చదివి ఇస్తానండీ. పైకి చదువుతానండీ."

"పశువుల ఆసుపత్రికి ఏది ఇచ్చారు మరి?" అంది మేడం, కళ్లు తుడుచుకుంటూ.

బామ్మర్ది బల్ల కిందే ఆగిపోయాడు. అక్కడి గేదెలు యూనిఫారంలో, వరసలో నిలబడాల్సి ఉందేమోనని అతనికి అప్పుడే అనుమానం తగిలింది.

బయటికొస్తుంటే పెద్ద పిలిచాడు. "మీది సోఫాల పనట కదా. ఈ కుర్చీ ఏమన్నా బాగుచేస్తారా?"

మేస్త్రి దాన్ని ఆప్యాయంగా చూశాడు. "చేస్తే మూగబోద్దండీ. ఉండనివ్వండి."

గేటు దగ్గర పెళ్లాం కొంగు మెలేసుకుంటూ నిలబడి ఉంది. తండ్రీ కూతురూ ఒకరి భుజం మీద ఒకరు వాలి, తూలుకుంటూ రావడం చూసి గుండె జారిపోయింది. "అయిపోయిందా? పరీక్షలకి రానివ్వం అన్నారా? నీ నోట్లో మేకులేవయ్యా? ఏం వాగావు?"

"రానిస్తారు," అన్నాడు మేస్త్రి. "అది కాదే, అసలు ఏం జరిగిందంటే... పొద్దున్నే వచ్చిన ప్రతి విద్యార్థికీ..."

బుగ్గలు ఉబ్బాయి. భుజాలు ఎగిరాయి. "విద్యార్థికీ..." అని మళ్లీ ఎత్తుకుని, ఎత్తుకోలేక, కాలిబాట అంచున కూలబడ్డాడు. పక్కనే పిల్ల కూలబడింది. దారినపోయే ఒకాయన మంచినీళ్లు కావాలా అని అడిగాడు.

ఆమె నడుం మీద చేతులు పెట్టుకుని ఇద్దరినీ కోపంగా చూసింది. కొంపదీసి ఇద్దరికీ సోకిందా అనుకుంది. ఆ కోపంలోనే, మూతి ఒక పక్కన ఎందుకో వంకర తిరగడం మొదలైంది.

"చెప్పి చావండి," అంది. "నాకూ వచ్చేస్తోంది."